గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు: ఎట్లు మొదలగును, ఎక్కడ ఆపవచ్చును?

మన పత్రికలో నూలు ధరలు, రంగుల అద్దకము, సహకార సంఘముల లెక్కలు వ్రాయుట వాడుక. ఈ నెల కండెలు చుట్టు చేతులను గూర్చి వ్రాయదలచితిమి. నేతపని ఒక్కరి వలన సాగునది కాదని మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చిలపలు తోడుట, కండెలు చుట్టుట, పడుగుకు గంజి పెట్టునపుడు పోగులు సరిచేయుట, ఇవి చాల వరకు ఇంటి ఆడవారి చేతిమీదనే జరుగును. ఆమె మంచము పట్టినచో మగ్గము కూడ నిలిచిపోవును. అట్లు మంచము పట్టించు జబ్బులలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు ఒకటి. 2022లో మన దేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చినదనియు, సుమారు 80,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది.

ఈ అంకెలు వినుటకు భయము పుట్టును. కాని ఈ జబ్బు విషయములో భయముకంటె ముందు తెలిసికొనవలసిన మాట ఒకటి కలదు. దీని బీజము పడిన నాటినుండి క్యాన్సరుగా మారుటకు సాధారణముగా 15 నుండి 20 ఏండ్లు పట్టును. ఆ ఏండ్లలో వెదకినచో చాల వరకు జాడ దొరకును. దొరికిన జాడను కొద్ది నిమిషముల చికిత్సతో తొలగింపవచ్చును. వెదకకపోవుటవలననే ఇందరు తల్లులు పోవుచున్నారు. కాబట్టి ఆ ఏండ్లలో లోపల ఏమి జరుగునో వరుసగా చెప్పుదుము.

సిగ్గు చేసిన చేటు

మన వేలూరు పట్టణములో ఈనాడు దేశమంతట పేరుపొందిన క్రిస్టియన్ మెడికల్ కాలేజి ఆసుపత్రి పుట్టుకకు మూలము ఆడవారి సిగ్గే అని చెప్పవచ్చును. ఐడా స్కడ్డర్ అను అమెరికా పడుచు తిండివనములో తండ్రి వద్ద ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడ రమ్మని ఆమెను వేడుకొనిరి. ఆమెకు వైద్యము రాదు. ఆమె తండ్రి వైద్యుడు. ఆయనను వెంట తీసికొనిపొండని చెప్పినది. పరపురుషుడు మా ఆడవారిని చూడరాదని ముగ్గురును వెనుదిరిగిపోయిరి. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు తల్లులును మరణించిరి. ఆ రాత్రి మనసు మార్చుకొని ఆమె వైద్యము చదివి, 1900లో వేలూరులో ఒకే మంచముతో చిన్న వైద్యశాల పెట్టినది. 1918లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పు పాఠశాలను తెరచినది.

నూరేండ్లు దాటినవి. ఆడ డాక్టర్లు, నర్సులు కొల్లలుగా ఉన్నారు. అయినను “ఆ చోటును గూర్చి ఎవరితో చెప్పుదును?” అని లోలోపల బాధపడు తల్లి ప్రతి వీధిలోను ఉన్నది. ఆమె తెల్లబట్టను, అకాలపు రక్తస్రావమును ఇంటివారికి కూడ చెప్పదు. చెప్పు నాటికి జబ్బు ముదిరి ఉండును.

కారణమేమి?

గర్భసంచి క్రింది భాగము సన్నని మెడవలె ఉండి యోనిలోనికి తెరచుకొనును. ఆ మెడయే గర్భాశయ ముఖద్వారము. అక్కడ పుట్టు క్యాన్సరుకు దాదాపు అన్ని సందర్భములలోను కారణము ఒక వైరసు. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరసు, క్లుప్తముగా హెచ్.పి.వి. అందురు. ఈ వైరసులో 200కు పైగా రకములు కలవు. కొన్ని చేతుల మీద, కాళ్ల మీద పులిపిరులు మాత్రమే పుట్టించును. క్యాన్సరు కలిగించునవి సుమారు పన్నెండు, పదునాలుగు రకములు. వానిలో 16వ రకము, 18వ రకము మిక్కిలి చెడ్డవి. ప్రపంచమున ఈ క్యాన్సరులలో నూటికి 70 వరకు ఈ రెండు రకముల పనియే. జర్మనీ దేశపు శాస్త్రవేత్త హరాల్డ్ సుర్ హౌసెన్, ఆయన సహచరులు 1983లో 16వ రకమును, 1984లో 18వ రకమును ఈ క్యాన్సరు కణములలో కనుగొనిరి. అందులకు ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించినది.

కాబట్టి గుంటమగ్గము మీద కూర్చుండుటవలన గాని, రంగునీళ్లలో చేతులు పెట్టుటవలన గాని, ఒంటి వేడిమివలన గాని, కుటుంబ నియంత్రణ ఆపరేషను వలన గాని ఈ జబ్బు వచ్చుననుట నిజము కాదు. ఒకరు వాడిన పాత్రలవలన, కూడ కూర్చుండి భోజనము చేయుటవలన అంటునది కాదు.

వైరసు చేరు మార్గము

ఈ వైరసు రక్తములో తిరుగదు. చర్మములోను, లోపలి సన్నని పొరలలోను మాత్రమే నివసించును. దాంపత్య సంబంధమున ఒకరి చర్మము మరియొకరి చర్మమును తాకుటవలన వ్యాపించును. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. పెండ్లియైన స్త్రీ పురుషులలో ఎక్కువమందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరసు సోకును. జన్మలో ఒక్క భర్తను తప్ప ఎరుగని ఇల్లాలికిని సోకవచ్చును. సోకిన తరువాత ఏండ్ల తరబడి జాడ తెలియక ఉండవచ్చును గనుక, ఎప్పుడు వచ్చినది, ఎవరి వలన వచ్చినది అని ఎవరును నిర్ణయింపజాలరు. ఇది నడవడికి సాక్ష్యము కాదు. ఈ జబ్బు వచ్చిన స్త్రీని శంకించుట, ఆమెను దోషిగా చూచుట అన్యాయము. ఆ శంకకు జడిసియే పలువురు పరీక్షకు పోక ప్రాణము పోగొట్టుకొనుచున్నారు.

గర్భాశయ ముఖద్వారములో రెండు విధములైన పొరలు కలిసికొను చోటు ఒకటి కలదు. వెలుపలి పొర పలు వరుసలుగా పేర్చినట్లుండును. లోపలి పొర ఒకే వరుస. యౌవనములోను, తొలి కాన్పు కాలములోను ఈ సరిహద్దు మారుచుండును. అక్కడి కణములు అప్పుడు లేతవి. కంటికి కనబడని చిన్న గీతల ద్వారా వైరసు అడుగు వరుస కణములను చేరును. చిన్న వయస్సులోనే పెండ్లి, ఎక్కువ కాన్పులు, పొగ త్రాగుట, హెచ్.ఐ.వి. వంటి వానివలన శరీరపు ఎదిరించు శక్తి తగ్గుట, ఇవి జబ్బుకు సాయపడును.

కణములో జరుగు పని

శరీరములోని చాల కణములు సమయము వచ్చినపుడు రెండుగా చీలి కొత్త కణముల నిచ్చును. ఈ చీలిక క్రమము తప్పకుండ కాపాడుటకు కణములో కొన్ని మాంసకృత్తులు కాపలా కాయుచుండును. ముఖ్యమైనవి రెండు. ఆర్.బి. అనునది అడ్డుకట్టవంటిది, వేళ కాక మునుపు కణము చీలకుండ ఆపును. పి-53 అనునది తనిఖీదారు. నేతగాడు పడుగులో పోగు తెగినది చూచిన వెంటనే కాళ్లు తొక్కుట ఆపి, పోగు అతికి, పిదప నేత సాగించును గదా. పి-53 కూడ అట్లే కణపు వారసత్వ పదార్థములో లోపము కనబడినచో పని ఆపించును. లోపము సరిచేయుటకు వీలుకానిచో ఆ కణమును చావనిచ్చును.

హెచ్.పి.వి. 16, 18 రకములు తమ సంతతిని పెంచుకొనుటకు ఈ కాపలాదారులనే దెబ్బతీయును. వైరసు తయారుచేయు ఇ-7 అను మాంసకృత్తు ఆర్.బి.ని పట్టి పనికిరాకుండ చేయును. ఇ-6 అనునది పి-53ను నాశనము చేయించును. అప్పుడు అడ్డు లేదు, తనిఖీ లేదు. కణము చీలుచునే యుండును. తెగిన పోగులతోనే బట్ట సాగినట్లు, లోపములున్న కణములు లోపములతోనే పెరుగును.

మొదట వైరసు కణములో వేరుగా, చిన్న ఉంగరమువలె ఉండును. ఇ-2 అను మరియొక మాంసకృత్తు ఇ-6, ఇ-7 మితిమీరకుండ చూచును. ఏండ్లు గడచిన పిమ్మట కొన్ని కణములలో ఆ ఉంగరము తెగి, మన వారసత్వ పదార్థములోనే అతుక్కొనును. అట్లు తెగునపుడు తరచుగా ఇ-2 పాడగును. పగ్గము లేని ఇ-6, ఇ-7 విజృంభించును. క్యాన్సరు వైపు పెద్ద అడుగు ఇదియే.

ఇంత జరుగుచున్నను జ్వరము లేదు, నొప్పి లేదు. వైరసు రక్తములో కలియదు, కణములను చీల్చి వెలికి రాదు. అందుచేత శరీరపు కాపలా శక్తి దానిని ఆలస్యముగా గుర్తించును. ఒంట్లో ఏ బాధయు లేదు గనుక నాకు పరీక్ష ఎందుకు అను తల్లికి మా సమాధానము ఇదే. బాధ లేని కాలమే పరీక్షకు తగిన కాలము.

పదిహేను, ఇరువది ఏండ్ల గడువు

సోకిన వారందరికి క్యాన్సరు రాదు. నూటికి 90 మందికి రెండేండ్లలోగా వైరసు దానంతట అదియే పోవును. మిగిలిన కొద్దిమందిలో అది పాతుకొనును. వారిలో ముఖద్వారపు పొర మెల్లగా మార్పు చెందును. ఆ మార్పును వైద్యులు మూడు మెట్లుగా లెక్కింతురు. మొదటి మెట్టు చాల వరకు దానంతట అదే సర్దుకొనును. మూడవ మెట్టులో పొర యంతయు చెడిన కణములతో నిండియుండును. కాని అవి ఇంకను అడుగు సరిహద్దు దాటలేదు. అది దాటి లోపలి కండలోనికి దిగిన నాడు క్యాన్సరు. మూడవ మెట్టును చికిత్స లేకుండ విడిచిపెట్టినచో 30 ఏండ్లలో నూటికి 30 మందికి క్యాన్సరు వచ్చినట్లు న్యూజిలాండు దేశములో తేలినది. హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడని స్త్రీలలో ఈ గడువు 5 నుండి 10 ఏండ్లకు తగ్గవచ్చును.

పులుపు నీటి పరీక్ష

ఈ మార్పులను కనిపెట్టుటకు మూడు పరీక్షలు వాడుకలో ఉన్నవి. మొదటిది పాప్ పరీక్ష. ముఖద్వారమునుండి కొన్ని కణములను తుడిచి తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. రెండవది వైరసునే వెదకు హెచ్.పి.వి. పరీక్ష. దీనికి కావలసిన నమూనాను స్త్రీ తానే తీసి ఇచ్చు పద్ధతి కూడ కలదు. మూడవది వి.ఐ.ఎ. పరీక్ష. పట్టు అద్దకములో వాడు ఎసిటిక్ ఆమ్లమును మన వారెరుగుదురు. దానినే నూటికి 3 నుండి 5 పాళ్లుగా నీటిలో కలిపి, దూదితో ముఖద్వారమునకు అద్ది, ఒక నిమిషము ఆగి చూతురు. చెడిన కణములున్న చోటు తెల్లగా మారును. శిక్షణ పొందిన నర్సు చూడగలదు, ఫలితము అప్పుడే తెలియును, నొప్పి లేదు.

దీని ఫలము మన తమిళనాడులోనే రుజువైనది. దిండిగల్లు జిల్లాలో అంబిలికై వైద్యకేంద్రమువారు, అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు కలిసి 30 నుండి 59 ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష జరిపిరి. గ్రామ సమూహములను రెండు భాగములుగా చేసి, ఒక భాగములో నర్సులచేత పరీక్ష చేయించి, జాడ కనబడినవారికి వెంటనే చికిత్స చేయించిరి. 2007లో ప్రకటించిన ఫలితములను బట్టి, పరీక్ష జరిగిన భాగములో ఈ క్యాన్సరు నాలుగవ వంతు తగ్గినది. దానివలని మరణములు నూటికి 35 పాళ్లు తగ్గినవి. ఒక్కమారు చూచినందుకే ఇంత ఫలము!

తెల్లని మచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సరు అని బెదరనక్కరలేదు. ఆ చోటును చలువతో గడ్డకట్టించి గాని, వేడితో గాని తొలగింతురు. ఎక్కువ లోతైనచో విద్యుత్తు తీగతో కత్తిరింతురు. గర్భసంచి తీయనక్కరలేదు. చాలమంది అదే దినము ఇంటికి పోవుదురు.

కే.వి.కుప్పం నేర్పిన పాఠము

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజివారు 1977లో మన కే.వి.కుప్పం బ్లాకులో రూసా అను గ్రామీణ ఆరోగ్య, సాంఘిక సేవా కేంద్రమును స్థాపించిరి. మన ప్రాంతమున ఆ పేరు తెలియనివారు తక్కువ. అక్కడి వైద్యులు మరికొందరితో కలిసి 2012లో గ్రామ స్త్రీల క్యాన్సరు పరీక్షను గూర్చి ఒక వ్యాసము ప్రచురించిరి. అందలి ముఖ్యాంశము, పల్లెలలో పరీక్ష యనునది పరిష్కారములో ఒక భాగము మాత్రమేనని. ఈ మాట మనము ఆలోచింపదగినది. పరికరము ఉన్నది, నర్సు ఉన్నది, పరీక్షకు నిమిషములు చాలును. మిగిలిన భాగము ఇంటిలో ఉన్నది.

ఒక దినము పని మానినచో కూలి పోవును, ఇచ్చిన గడువుకు బట్ట కోయవలెను, పిల్లలను చూచువారు లేరు, అత్తగారు ఏమనుకొనునో, మగవారిని అడుగుటకు సంకోచము. పరీక్షలో జాడ కనబడిన పిదప రెండవమారు రమ్మన్నచో పోని వారు కూడ కలరు. వీనిలో ఒక్కటియు డాక్టరు తీర్చగలిగినది కాదు. మగ్గము దిగి భార్యతో “పోయి చూపించుకొని రా, ఈ పూట కండెలు నేను చుట్టుకొందును” అనగలిగినవాడు భర్త. “నేను కూడ వచ్చెదను, పద” అనగలిగినది అత్త. ఒక సంఘపు ఆడవారు పది మంది కలిసి ఒకే దినము పోయినచో సిగ్గు సగము తగ్గును.

టీకా సంగతి

వైరసు సోకక మునుపే ఆపు టీకా కలదు. 9 నుండి 14 ఏండ్ల బాలికలకు వేయుట మిక్కిలి ప్రయోజనకరము. మన దేశములో పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూటువారు తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చినది. అది 6, 11, 16, 18 రకములనుండి కాపాడును.

తెలుగువారిలో ఈ టీకాను గూర్చి ఒక జంకు మిగిలియున్నది. దానికి కారణము చెప్పుట న్యాయము. 2009లో నాటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు ఈ టీకా వేసిరి. కొందరు బాలికలు మరణించిరను వార్తలు రాగా 2010 ఏప్రిలులో ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. ఆ మరణములకు టీకాతో సంబంధము లేకపోవచ్చునని విచారణ సంఘము తెలిపినది. కాని తలిదండ్రుల అంగీకారము లేకుండ హాస్టలు వార్డెనులచేత సంతకములు చేయించుట తప్పని తేలినది. ఆ తప్పు తప్పే. బిడ్డకు ఏ మందు వేయుచున్నారో, ఎందుకు వేయుచున్నారో తెలిసికొని సంతకము చేయుట తలిదండ్రుల హక్కు.

ఆ నిలుపుదల వలననే ఒక కొత్త సంగతి తెలిసినది. హైదరాబాదు, అంబిలికై మొదలగు చోట్ల రెండు, మూడు మోతాదులను పోల్చి చూచుటకు వేరుగా జరుగుచున్న పరిశోధన కూడ అప్పుడే ఆగినది. దానివలన వేలమంది బాలికలకు ఒక్క మోతాదే పడినది. వారిని పదేండ్లు గమనించి 2021లో ప్రకటించిన ఫలితములలో, 16, 18 రకముల విషయమున ఒక్క మోతాదును రెండు, మూడు మోతాదులకు తీసిపోని రక్షణ ఇచ్చినట్లు తేలినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదును కూడ అంగీకరించినది. మన ఊరిలో ఏ వయస్సు వారికి, ఎక్కడ వేయుదురో గ్రామ నర్సు చెప్పును. అయితే టీకా సోకిన వైరసును పోగొట్టదు. టీకా వేసికొన్న అమ్మాయి కూడ పెద్దయైన పిదప పరీక్ష చేయించుకొనవలెను.

గుర్తుంచుకొనవలసినవి

30 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీయు, ఏ బాధయు లేకున్నను, పరీక్ష చేయించుకొనవలెను. మన దేశపు కార్యక్రమములో 30 నుండి 65 ఏండ్ల వరకు అయిదేండ్ల కొకమారు చేయవలెనని నియమము కలదు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విచారింపుడు.

ఈ క్రింది చిహ్నములు కనబడినచో మాత్రము అయిదేండ్ల లెక్క చూడక వెంటనే డాక్టరు వద్దకు పోవలెను. దాంపత్యము తరువాత రక్తము కనబడుట; రెండు బహిష్టుల నడుమ రక్తస్రావము; ముట్లుడిగిన తరువాత మరల ఒక్క చుక్కయైన కనబడుట; దుర్వాసనగల తెల్లబట్ట; నడుము క్రింద విడువని నొప్పి; కాలి వాపు. వీనికి క్యాన్సరు కాక వేరు కారణములు కూడ ఉండవచ్చును. చూచి చెప్పవలసినది డాక్టరు. క్యాన్సరే యైనను తొలి దశలో ఆపరేషను వలనను, తరువాతి దశలో రేడియేషను, మందుల వలనను చికిత్స కలదు. ఎంత ముందు పోయిన అంత మేలు. ఖర్చునకు జంకువారు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డును వెంట తీసికొనిపోయి ఆసుపత్రిలో విచారింపవచ్చును.

ఈ సంచిక చేరిన ఇంట దీనిని చదువగలిగినవారు చదువలేని పెద్దవారికి బిగ్గరగా చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. చదివిన పిదప ఇంటిలో 30 ఏండ్లు దాటిన ఆడవారెందరో లెక్కించి, వారిలో ఒక్కమారైనను పరీక్ష చేయించుకొన్నవారెందరో అడుగుడు. చేయించుకొననివారితో ఈ వారములోనే ఒక దినము నిర్ణయించుకొనుడు. ఆ దినము నేత కొంత తక్కువైనను నష్టము లేదు.